ఈతకొలనులో ఘాటైన వాసన

నేరేడ్‌మెట్ చుట్టుపక్కల సఫిల్‌గూడ, రామకృష్ణాపురం చెరువులున్నా, పిల్లలు దిగి ఈత నేర్వదగిన నీరు వాటిలో లేదు. అందువల్ల వేసవి సెలవులు రాగానే మా విద్యార్థులు రుసుము చెల్లించి ఈతకొలనులకు వెళుతుంటారు. ఉబ్బసమున్న ఒక బాలుని తల్లి ఈ వేసవిలో మమ్మల్ని ఇలా అడిగారు: "మౌలానా సాబ్, ఈతకు వెళ్లిన రోజున బాబు కళ్లు ఎర్రబడుతున్నాయి, రాత్రంతా దగ్గుతున్నాడు. క్లోరిన్ ఎక్కువ కలిపారని అంటున్నారు. ఈత మాన్పించమంటారా?"

క్లోరిన్ కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధుల క్రిములను సంహరిస్తుంది. మన కుళాయి నీటిలోనూ అది ఉంటుంది. తగు మోతాదులో ఉన్నప్పుడు దాని వాసన స్వల్పమే. చెమటలో, మూత్రంలో ఉండే యూరియా, అమ్మోనియాలతో కలిసినప్పుడు మాత్రం అది క్లోరమైన్లుగా మారుతుంది. వాటిలో ట్రైక్లోరమైన్ నీటిలో నిలవదు. ఈదేవారు ఊపిరి పీల్చే చోటనే, నీటి ఉపరితలంపై గాలిలో చేరుతుంది. కళ్లమంటకు, దగ్గుకు ముఖ్య కారణం అదే. పైకప్పు ఉండి గాలి ఆడని కొలనులో దాని తీవ్రత హెచ్చు. శరీర మాలిన్యంతోను, ఆకులలములతోను కలిసి క్లోరిన్ క్లోరోఫామ్ వంటి ట్రైహాలోమీథేన్లను కూడా పుట్టిస్తుంది. క్లోరిన్ కలిపిన తాగునీటిలో ఇవి ఏర్పడతాయని 1974లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు యోహానెస్ రూక్ వెల్లడించారు.

అంటే, "ఘాటుగా ఉంది కనుక శుభ్రంగా ఉంది" అనుకోవడం పొరపాటు. 2017లో కెనడా పరిశోధకులు సుమారు 8,30,000 లీటర్ల కొలనులో 75 లీటర్ల మూత్రం ఉందని అంచనా వేశారు.

రంగు, రుచి, వాసన అనే మూడు గుణాలను బట్టి నీటిని పరీక్షించాలని ఫిఖహ్ పాఠాలలో మేము బోధిస్తుంటాము. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల హౌజును హనఫీ పండితులు పెద్ద నీరుగా పరిగణించారు. మాలిన్యం కొద్దిగా పడినంత మాత్రాన అది అపవిత్రం కాదు. ఈ సడలింపును చూపి, "పెద్ద కొలనే కదా" అని ఒక విద్యార్థి అన్నాడు. నీరు పవిత్రమన్న తీర్పు వేరు, అందులో మలినం కలపడానికి అనుమతి వేరు అని వివరించాము. నిలిచి ఉన్న నీటిలో మూత్ర విసర్జన చేయరాదని దైవప్రవక్త (సఅసం) వారించిన సంగతి ముస్లింలకు తెలియనిది కాదు.

ఆ తల్లికి మేము చెప్పినది ఇది: "ఈత మంచి విద్య, మాన్పించకండమ్మా. ముందు వైద్యుని సలహా తీసుకోండి. గాలి ధారాళంగా ఆడే, స్నానం చేయనిదే దిగనివ్వని కొలనును ఎంచుకోండి. వాసన ఘాటుగా ఉన్న రోజున బాబును దించకండి."

మా విద్యార్థులందరికీ ఒక నియమం పెట్టాము: కాలకృత్యాలు తీర్చుకుని, సబ్బుతో స్నానం చేసి, ఆ తర్వాతే కొలనులో దిగాలి. ఒకరు ఒళ్లు కడుక్కోకుండా దిగితే, దాని ఫలితం ఆ ఉబ్బసపు బాలుని ఊపిరిలోకే చేరుతుంది. తోటివారి హక్కులలో ఇది కూడా ఒకటని మన పిల్లలకు ఇంటివద్దనే నేర్పుదాం.