మైపాడు గట్టు మీద రాసుకున్నవి

ఆగస్టు 8, 2025
వరసగా నాలుగో రాత్రి. రెండింటప్పుడు పుల్లటి నీళ్లు గొంతుదాకా ఎగదన్నాయి. ఎదురొమ్ము లోపల పచ్చిమిరపకాయ నూరి పూసినట్టుంది. మజ్జిగ తాగి గుంట గట్టుకు వచ్చాను. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటి చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేవడం రొయ్యల రైతుకు మామూలే. ఇప్పుడు ఆగకపోయినా మెలకువ వస్తోంది.

నిన్నటినుంచి అమెరికా 25 శాతం సుంకం అమల్లోకి వచ్చింది. కొనేవాళ్లు రేటు చెప్పడం లేదు.

ఆగస్టు 27, వినాయక చవితి
ఇవాళ్టితో సుంకం 50 శాతమైంది. రొయ్య మీద ముందునుంచీ ఉన్నవి కూడా కలిపితే 58 దాటుతుందంట. రెండు ఉండ్రాళ్లు తిన్నాను, అంతే. మంట మాత్రం పెళ్లి భోజనం చేసినంత.

"చేపల పులుసు మానేసి నెలయింది. కాఫీ మానేశావు. ఇంకేం మానిపించమంటావయ్యా?" అంది మా ఆవిడ. ఫోన్లో రేట్లు చూడడం ఒక్కటే మానలేదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

సెప్టెంబరు 4
నెల్లూరు పోయాం. డాక్టరు గారు ముందు ఈసీజీ తీయించారు. గుండె బాగుంది. తర్వాత ఎండోస్కోపీ. అన్నవాహికలో ఒక్క పుండు లేదు, ఒరుపు లేదు. సంతోషించాల్సింది పోయి దిగులేసింది. ఏమీ లేకపోతే ఇన్ని రాత్రులు నేను పడిందేంటి?

ఆయన ఓపికగా చెప్పారు. అన్నవాహిక అడుగున కండరం ఒకటి బిగుసుకుని ఉండి, మింగినప్పుడే తెరుచుకోవాలి. వేళకాని వేళ అది వదులైతే యాసిడ్ పైకి వస్తుంది. అయితే కొందరిలో వచ్చే యాసిడ్ మామూలుగానే ఉన్నా, దాన్ని కనిపెట్టే నరాలు మరీ చురుగ్గా ఉంటాయి. నిద్ర లేకపోతే, ఆదుర్దా ఉంటే వాటి చురుకు ఇంకా పెరుగుతుంది. "మంట నిజమే. మీరు ఊహించుకోవడం లేదు" అన్నారు. ఆ మాటతోనే సగం నెమ్మదించాను. పొద్దున టిఫినుకు అరగంట ముందు పాంటోప్రజోల్ వేసుకోమన్నారు.

సెప్టెంబరు 7
అమ్మాయి ఫోన్లో వెతికి చదివి వినిపించింది. 1822లో అమెరికాలో ఒక యువకుడికి పొట్టలో తుపాకీ గుండు తగిలిందట. బతికాడు గానీ చిల్లు పూడలేదు. బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఏళ్ల తరబడి ఆ చిల్లులోంచి జీర్ణాశయాన్ని గమనించి 1833లో పుస్తకం వేశాడు. ఆ యువకుడు కోపగించుకుంటే లోపలి తీరు మారిపోవడం కళ్లారా చూశాడు. 1993లో అచ్చయిన ఒక పరిశోధన సంగతి నాకు ఇంకా దగ్గరగా తగిలింది. ఇదే జబ్బున్న వాళ్లను ఒత్తిడికి గురిచేసి కొలిస్తే, ఎప్పుడూ ఆదుర్దా పడే తత్వం ఉన్నవాళ్లు మంట ఎక్కువైందన్నారు. యాసిడ్ కొలత మాత్రం పెరగలేదు.

అలాగని అన్నిటికీ మనసే కారణమనడం తప్పు. కడుపులో అల్సర్లకు దిగులే మూలమని ఎన్నో ఏళ్లు చెప్పి, రోగుల్నే తప్పుపట్టారు. అసలు కారణం ఒక సూక్ష్మజీవి అని, 1984లో బారీ మార్షల్ అనే వైద్యుడు దాని ద్రావణాన్ని తానే తాగి చూపించాక గానీ లోకం నమ్మలేదు. అందుకే పరీక్ష ముందు, ఓదార్పు తర్వాత.

సెప్టెంబరు 13
మంచం తలవైపు కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాం. ఎడమవైపు తిరిగి పడుకుంటున్నా. పది గంటల మేత వేసి వచ్చి అన్నం తిని వాలిపోయేవాణ్ణి. ఇప్పుడు ఏడింటికే తినేస్తున్నా. కొంత మేలు.

సెప్టెంబరు 24
రొయ్యల పట్టుబడి అయింది. నష్టమే. ఎంతో ఇంట్లో అందరి ముందూ లెక్కేసి చెప్పాను. అప్పు ఎంత, ఎవరికి, ఎప్పటికి, అన్నీ.

ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను.

సెప్టెంబరు 25
రాత్రి సంగతే తిరిగి తిరిగి తలపుకొస్తోంది. నష్టం తేలిన రాత్రే ఎందుకు మంట లేదు? నన్ను కాల్చింది నష్టం కాదు. పోతుందా, మిగులుతుందా, పట్టేయాలా, ఆగాలా అనే ఊగులాట. అదీ ఎవరికీ చెప్పకుండా.

అక్టోబరు 28
మొంథా తుపాను. తీరం దాటేది ఎక్కడో కాకినాడ వైపు, వాన మాత్రం మా మీద. సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తోంది. ఈసారి రెండు గుంటలు ఎండబెట్టి ఒక్కదాంట్లోనే సీడ్ వదిలాం. సాయంత్రం కరెంటు పోయింది. మబ్బు పట్టిన రోజున తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. జనరేటర్ ఆగితే అంతా పోయినట్టే. తిన్నది మజ్జిగన్నమే అయినా పదికల్లా మంట లేచింది.

పక్క గుంట బావ టార్చీ పట్టుకుని వచ్చాడు. "నువ్వు పోయి పడుకో అబ్బయ్యా, నేను చూస్తుండా గదా" అన్నాడు. రెండింటికి నేను లేచి ఆయన్ను పంపాను. అప్పటికి మంట లేదు. మాత్రేమీ వేసుకోలేదు.

నవంబరు 2
టీ బంకు దగ్గర నా సంగతి చెప్పాను. ఆరుగురం ఉన్నాం. నలుగురు తమకూ అంతేనన్నారు. ఒకాయన ఏడాదిగా సోడాలతో నెట్టుకొస్తున్నాడు, ఇంట్లో తెలీదు.

ఆయనకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. ఛాతీలో బరువు చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా గ్యాసనుకుని సోడా తాగొద్దు. 108కి ఫోన్ చేయండి. మింగుడు పడకపోయినా, బరువు తగ్గుతున్నా ఎండోస్కోపీకి వెనకాడొద్దు. అవేవీ లేకుండా మంట ఒక్కటే రాత్రుళ్లు లేపుతుంటే, మాత్రతోపాటు అప్పు పుస్తకం కూడా తీసి ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి.