రాయి దుమ్ము లెక్కలో లేదు

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందేమోనని ముందుగానే ఎవరికి సీటీ తీయాలి? అమెరికాలో 2021లో పెట్టుకున్న లెక్క ఇదీ: వయసు 50 నుంచి 80, రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్లు తాగినంత సిగరెట్. మన దేశంలో ఆ మాత్రం జాతీయ కార్యక్రమం కూడా లేదు. రాయి కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది. ఆ దుమ్ముకు ఈ లెక్కలో చోటు లేదు.

మా మేనమామ సిగరెట్ ముట్టడు. ఖమ్మంలో గ్రానైట్ కోత మిషన్ దగ్గర పాతికేళ్లు నిలబడ్డాడు. ఆ మిషన్ల దగ్గర మా వాడవాళ్లు కనిపిస్తారు, ఆఫీసు గదిలో కనిపించరు. నిరుడు బండి మీంచి పడి పక్కటెముకలు విరిగితే సీటీ తీశారు. ఎక్స్‌రేలో కనపడని మచ్చ అందులో బయటపడింది. అదృష్టమనాలో ఏమనాలో!

రిపోర్టులో 'గ్రౌండ్ గ్లాస్' అని రాశారు. "ఊపిరితిత్తుల్లో అద్దమేంది అల్లుడా?" అన్నాడు. బాత్రూం కిటికీకి పెట్టే మసక అద్దం లాంటిది మామా అన్నాను. మచ్చలోంచి రక్తనాళాలు ఇంకా కనిపిస్తున్నాయంటే, క్యాన్సర్ కణాలే అయినా గాలి సంచుల గోడల వెంట పాకుతున్నాయే గానీ గోడ దాటి ఉండకపోవచ్చు. మసక మధ్యలో తెల్లగా, గట్టిగా ఒక ముక్క తేలితే దాటిందని అనుమానం. ముక్క పెద్దదయ్యేకొద్దీ అనుమానం పెరుగుతుంది. దాటింది 5 మిల్లీమీటర్ల లోపే ఉన్నప్పుడు పూర్తిగా కోసి తీసేస్తే దాదాపు అందరికీ నయమవుతుంది. అయితే ఇన్ఫెక్షన్ కూడా సీటీలో ఇలాగే కనిపిస్తుంది. అందుకే కొన్ని నెలలు ఆగి మళ్లీ తీస్తారు. ఇన్ఫెక్షనైతే ఈలోగా కరిగిపోతుంది. కచ్చితంగా తేలేది మాత్రం కోసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసినప్పుడే.

మామది భద్రాచలం అవతల అడవి పల్లె. గోదావరి లెక్కతో చెప్పాను: 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఒక్కసారి చూస్తే సరిపోదు, పెరుగుతుందా తగ్గుతుందా అన్నది చూడాలి. "అట్ల చెప్పు" అన్నాడు.

వరదొస్తే గోదావరిని గంటగంటకూ కొలుస్తారు. మామ మచ్చను కొలవాలంటే కూలి పోగొట్టుకుని ఖమ్మం రావాలి, ఆపరేషన్ దాకా వస్తే హైదరాబాద్. స్కానింగ్ సెంటర్లో సీడీ అడిగితే "మీకెందుకు, చూస్తారా?" అన్నారు. పాత బొమ్మలు పక్కన లేకపోతే మచ్చ పెరిగిందో లేదో ఏ డాక్టరూ నిక్కచ్చిగా చెప్పలేరు. గట్టిగా అడిగి తెచ్చుకున్నాం.

గ్రానైట్ యూనిట్లున్న మండలాల్లో పనిచేసే విద్యార్థి మిత్రులు ముందు ఒక పని చేయండి. కోత మిషన్ల దగ్గర ఎవరు ఎన్నేళ్లుగా నిలబడుతున్నారో పేర్లు రాయండి. ఎవరికైనా ఛాతీ సీటీ తీసి ఉంటే, సీడీ వాళ్ల చేతికి వచ్చిందో లేదో అడగండి.