గ్రనాడాలో గిటారు పాఠములు

స్పెయిను దేశమునకు దక్షిణమున గ్రనాడా యను పట్టణము కలదు. వారి భాషలో గ్రనాడా యనగా దానిమ్మపండు. ఊరినుండి అల్హంబ్రా కోటకు ఎక్కు దారిలో నొక రాతి ద్వారము మీద మూడు దానిమ్మపండ్లు చెక్కియున్నారు. దూరమునుండి చూచి నేను మొదట ఉల్లిపాయ లనుకొంటిని. మా అమ్మాయి నవ్వి, "అమ్మా, నీకు ఎచ్చటికి వచ్చినను వంటయిల్లే కనబడును" అన్నది.

ఆమె అచ్చటి విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్నది. తోడుగా నుండుటకై నేను జనవరి మాసమున వెళ్లి నాలుగు నెలలకు పైగా ఉండి వచ్చితిని. వెళ్లినపుడు వీథులలోని నారింజచెట్లు పండ్లతో నిండియుండెను. వెనుక సియెర్రా నెవాడా పర్వతములు మంచుతో తెల్లనై యుండెను. మండువేసవిలో ఎండలు మెండని విని యుండుటచే నేను తెచ్చుకొన్న నూలుచీర లన్నియు పెట్టెలోనే యుండిపోయినవి.

అల్హంబ్రానుగూర్చి మన సోదరీమణులు విని యుందురు. 13వ శతాబ్దమున నస్రీదు వంశపు ముస్లిము ప్రభువులు దీనిని కట్ట నారంభించిరి. 1492 జనవరిలో వారిలో కడపటివాడగు బోఅబ్దిల్ కోటను ఫెర్డినాండు, ఇసబెల్లా దంపతుల కప్పగించి వెడలిపోయెను. గోడలమీది నగిషీలను వర్ణింప నాకు శక్తి లేదు; వర్ణించినవా రనేకులు కలరు. నన్ను ఆకర్షించినది నీరు. దార్రో నదినుండి సుమారు 6 కిలోమీటర్ల కాలువ త్రవ్వి ఆ కొండమీదికి నీటిని తెచ్చిరి. ఎచ్చట నిలిచినను ఏదో యొక మూల సన్నని నీటి చప్పుడు వినవచ్చుచునే యుండును. ఈ చప్పుడు నా కథలో మరల వచ్చును.

కోటకు పోవు గోమేరేస్ వీథిలో గిటారులు చేయువారి దుకాణములు కలవు. ఒకనాడు అట్టి దుకాణమొకదాని ముందు నిలిచిపోయితిని. లోపల నొక యువకుడు గిటారు నడుమనుండు గుండ్రని రంధ్రము చుట్టును రంగురంగుల కర్రపోగులు అతికించుచుండెను. ముగ్గు వేసినట్లే యుండెను. నా చీరను చూచి అతడు లోనికి పిలిచి, నల్లని చారలు గల యొక పలకను చేతి కిచ్చి, "ఇది మీ దేశమునుండి వచ్చినదే" అనెను. చూచితిని గదా, అది మన జిట్టేగి కర్ర! పూర్వము గిటారు వెనుక పలకలకు బ్రెజిలు దేశపు కర్రనే మేలైన దానినిగా ఎంచెడివారట. ఆ వృక్షజాతి క్షీణించుటచే 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించిరి. అంతకు ముందునుండియే మన దక్షిణదేశపు జిట్టేగి దాని స్థానమును పొందుచు వచ్చినది.

ఆ కర్రను పట్టుకొన్నంతనే నాకు మా వీణ జ్ఞాపకము వచ్చినది. చిన్నతనమున మా నాయనగారు బొబ్బిలినుండి తెప్పించి ఆరేండ్లు నాకు చెప్పించిరి. వివాహమైన పిదప అది పుట్టింటి అటకమీదికి చేరినది. అత్తవారింట వీణ వలదని ఎవ్వరును అనలేదు. తీరిక లేదని నేనే అనుకొంటిని. ముప్పది యేండ్లు గడచినవి.

మా అమ్మాయి యిది గ్రహించినదో యేమో, ఎదుటి కొండమీద అల్బైసీను అను ప్రాతపేటలో నొక యింట మంగళ శుక్రవారములు సాయంకాలమున గిటారు నేర్చుకొనువారు కూడుదురని తెలిసికొని వచ్చి, బలవంతముగా నన్ను తీసికొనిపోయినది. ఇల్లు చిన్నది, ఎత్తైన గోడ నడుమ తోట, అందొక ద్రాక్షపందిరి. వృద్ధుడగు గురువుగారు, మరి నలుగురు శిష్యులు. అందులో ఒకడు రొట్టెలు చేయువాడు. తెల్లవారుజామున మూడు గంటలకు పొయ్యి వెలిగించుటకు ముందు ఇరువది నిమిషములు సాధన చేయును. కొన్నాళ్లు లండనులో పనిచేసి యుండుటచే నాకు దుబాసి అతడే. ఒకామె పనినుండి విరమించిన పంతులమ్మ. 62వ యేట గిటారు పట్టి అప్పటికి ఎనిమిదేండ్లాయెను. తన రెండవ గిటారు నాకు ఎరువిచ్చినది ఆమెయే.

వీణకు మీది తంత్రులు నాలుగు, తాళపు తంత్రులు మూడు, మెట్లు 24. గిటారునకు తంత్రులు ఆరు, మెట్లు 19. వీణమెట్లు మైనముమీద ఎత్తుగా నుండుటచే తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికింపవచ్చును. గిటారులో లాగినచో శ్రుతి చెడును. దానికి బదులుగా బొటనవ్రేలు మంద్రస్వరములను, మిగిలిన మూడువ్రేళ్లు పైపాటను ఒక్కసారిగా మీటుటచే ఒక్కరు వాయించుచున్నను ఇద్దరు పాడుచున్నట్లుండును. ఎడమకాలు చిన్న పీటమీద పెట్టి, ఆ తొడపై వాద్యము నిలుపుకొనవలెను. చీరతో ఇది కష్టమగునేమో యని భయపడితిని గాని కుచ్చెళ్లు కొంచెము వదులుగా పెట్టుకొన్న చాలును.

నాకిచ్చిన మొదటి పాఠము ఫ్రాన్సిస్కో తార్రెగా (1852-1909) రచించిన 'లాగ్రిమా'. కన్నీటిబొట్టని అర్థము. ఒక పుట నిండని పాట. మొదటి భాగము మన శంకరాభరణపు స్వరములపై నడచును. రెండవది కీరవాణికి దగ్గరగా పోయి మరల మొదటికి వచ్చును. మంద్రస్వరముపై నొక్కిన వ్రేలు తీయకుండ పైపాట సాగింపవలెను. నేను వ్రేలు తీయుచునే యుంటిని. "పట్టిన దానిని వదలకుము" అని గురువుగారు ఆ వారము ఎన్నిమారు లనిరో లెక్కలేదు.

ఒకనాడు రెండవ భాగము వాయించుచుండగా నా ఎడమవ్రేలు, నాకు తెలియకయే, తంత్రిని ప్రక్కకు లాగినది. అందరును తలలెత్తిరి. రొట్టెల యజమాని నవ్వెను. సిగ్గుతో నేను ఆపివేయగా గురువుగారు మరల చేయుమనిరి. ఒకే తంత్రిమీద, జ్ఞాపకమున్నంత మేరకు, శంకరాభరణములో నాలుగు స్వరములు గమకముతో పలికించితిని. కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. పిదప గురువుగారు, "చాల బాగున్నది. కాని యీ పాటలో అది లేదు. మంగళ శుక్రవారములు మాత్రము దానిని ఇంటిలో విడిచి రండు" అనిరి.

గోళ్ల సంగతి స్త్రీలకు చెప్పవలసినది. ఎడమచేతి గోళ్లు పూర్తిగా తీసివేయవలెను. కుడిచేతి గోళ్లు కొంచెము పెంచి నునుపుగా ఆకురాయితో దిద్దవలెను. గిన్నెలు తోముకొను చేతికి గోరెట్లు నిలుచును? పంతులమ్మకు రెండు వారముల కొకసారియైనను గోరు విరుగుచుండెడిది. అప్పుడు గురువుగారు తార్రెగా మాట ఎత్తుదురు. ఆ మహనీయుడు చివరి సంవత్సరములలో గోళ్లు తీసివేసి వ్రేలికొనల మెత్తని కండతోనే వాయించెనట. ఆయన శిష్యురాలు జోసెఫీనా రొబ్లేదో (1897-1972) వలెన్సియా నగరపు ఆడుబిడ్డ; గురువు పద్ధతిని దక్షిణ అమెరికాలో వ్యాపింపజేసినది. గురువుగారీ మాట చెప్పునప్పుడెల్ల మా యిద్దరివైపే చూచెడివారు.

రొట్టెల యజమానికి ఒక్కటే కోరిక: తార్రెగా రచించిన 'అల్హంబ్రా స్మృతులు' తప్పు లేక వాయించుట. ఇందులో బొటనవ్రేలు ఒక మంద్రస్వరము మీటగా, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు, చూపుడువ్రేలు వరుసగా ఒకే తంత్రిని మీటుచు పోవలెను. దీనిని ట్రెమొలో అందురు. గిటారు ధ్వని మీటినంతనే సన్నగిల్లును గదా. త్వరగా మీటినచో వినువారికి ఎడతెగని ధారవలె తోచును. నాలుగు మీటులును సమముగా లేనిచో కుంటిగుఱ్ఱపు నడక యగును. అతడు ఆరేండ్లనుండి దీనినే సాధించుచుండెను. తంత్రిక్రింద గుడ్డపేలిక దోపి, ధ్వని లేకుండ, మిక్కిలి నెమ్మదిగా, ఒక్కొక్కనాడు ఒక్కొక్క వ్రేలికి బలమిచ్చుచు చేయును. నేనును ప్రయత్నించితిని. వీణలో ఉంగరపువ్రేలికి పని లేదు; యేబదియేండ్లు సుఖముగా నిద్రించిన ఆ వ్రేలు నా మాట వినలేదు. కాని ఒక ఆదివారము సింహముల ముంగిట, 12 చలువరాతి సింహములు మోయు తొట్టి యొద్ద నిలిచి నీరు పడుట వినుచుండగా, అతడు తెల్లవారుజామున దేనికొరకు మేలుకొనుచుండెనో నాకు బోధపడినది.

ఏప్రిలులో గురువుగారు నన్నును పంతులమ్మను జతచేసి ఫెర్నాందో సోర్ (1778-1839) రచించిన యుగళవాద్యమొకటి ఇచ్చిరి. దాని పేరునకు ప్రోత్సాహమని అర్థము. సోర్ దీనిని గురుశిష్యుల కొరకై వ్రాసెను: శిష్యునిది పాట, గురువుది వెనుకనుండి మోయు పని. పాట తేలిక, మోత కష్టము. పంతులమ్మ గురువు భాగమును తీసికొన్నది. అందలి వైవిధ్యములు మాకు మించినవి గనుక మొదటి భాగమునకే పరిమితమైతిమి. ఆమె స్పానిషులో లెక్కించును, నేను లోలోపల తెలుగులో లెక్కింతును. నాకు వచ్చిన స్పానిషు మాటలు ఇరువదికి మించవు. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినను ఆమె ఊపిరి తీసికొనుటను బట్టి ఎప్పుడు మొదలిడవలెనో నాకు తెలియుచుండెను. ఒంటరిగా ఇంటిలో నూరుసారులు సరిగా వచ్చినది ఆమె ప్రక్కన కూర్చున్నంతనే తప్పిపోయెడిది. మొదట దీనికి విసిగితిని. నేను నా చేతినే వినుచు ఆమెను వినుట లేదని రొట్టెల యజమాని చెప్పగా తెలిసినది.

మే నెలలో, నా ప్రయాణమునకు రెండు దినముల ముందు, ద్రాక్షపందిరి క్రింద అందరము వాయించితిమి. వినువారు మా అమ్మాయియు, ఇరుగుపొరుగు వారును, ఒక పిల్లియు. మా వంతు వచ్చినది. సగముదాక బాగుగనే సాగినది. అంతట నేనొక చోట తప్పి, పుట మీద ఎచ్చట నున్నానో కానలేకపోయితిని. చేతులు చల్లబడినవి. పంతులమ్మ ఆపలేదు, నా వైపు చూడనును లేదు. తన మంద్రస్వరములనే, ఆ రెండు వరుసలనే, మరల మరల త్రిప్పి వాయించుచుండెను. మూడవ త్రిప్పునకు నేను ఊపిరి తీసికొని లోనికి ప్రవేశించితిని. వినువారిలో ఒక్కరికిని తెలియలేదని మా అమ్మాయి తరువాత చెప్పినది. పంతులమ్మకు తెలియును, నాకు తెలియును.

ఆమె గిటారు ఆమెకు ఇచ్చివేసి వచ్చితిని. దేశము చేరిన నెలలో విజయనగరమునకు పోయి మా తమ్మునిచే అటకమీది వీణను దింపించితిని. ముసుగు తీయగా మైనము పగిలి మెట్లు కొన్ని ఊడిపోయి యుండెను. కుండ మాత్రము చెక్కు చెదరలేదు. బొబ్బిలినుండి వచ్చిన పనివాడు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, నా కుడిచేతి గోళ్లను చూచి, "అమ్మగారు ఇప్పటికిని వాయించుచున్నారా?" అని యడిగెను. ఏమని చెప్పుటకును తోచక ఊరకుంటిని. మేళము మరల కట్టుటకు పదునైదు దినములు పట్టునని చెప్పి, వీణను దుప్పటిలో చుట్టి బండిమీద పెట్టుకొని పోయెను.