మొక్కు లేని నడక

మా పల్నాడులో కొండెక్కేవాణ్ని జనం అడిగే మొదటి మాట, "ఏం మొక్కుకున్నావయ్యా?" అని. మొక్కేం లేదు, ఊరికే ఎక్కుతున్నానంటే నమ్మరు. రెంటచింతల ఎండ సంగతి తెలిసినవాళ్లెవరూ వాళ్లను తప్పుపట్టలేరు కూడా.

అయినా కోటప్పకొండను నేను మెట్లదారినే ఎక్కుతాను. నరసరావుపేటకు పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఏ దిక్కునుంచి చూసినా మూడు శిఖరాలు కనపడతాయంటారు. అందుకే త్రికూటాద్రి అయింది. బ్రహ్మ, విష్ణు, రుద్ర. మహాశివరాత్రికి ఊరూరి నుంచీ ప్రభలు కట్టుకొస్తారు. ఆకాశాన్నంటే ఆ విద్యుత్ ప్రభలూ, "చేదుకో కోటయ్యా" అనే కేకలూ చూసితీరాల్సినవే. కానీ నేను చెప్పేది పండగ లేని మంగళవారం సంగతి. ఘాట్ రోడ్డు వచ్చాక మెట్లదారి బోసిపోయిందని బాధపడేవాళ్లున్నారు. నన్నడిగితే ఆ రోడ్డు చేసిన పెద్ద మేలే అది. బస్సులూ కార్లూ అటు పోయాయి, మెట్లు మనకీ కోతులకీ మిగిలాయి. ఎవరో మొక్కు చెల్లించి బొట్లు పెట్టిన మెట్ల మీద పసుపు ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. పక్కన కొబ్బరిచిప్ప గీరుకుంటున్న కోతి మన చేతిసంచీ వంక చూస్తుంది. కింద ఒక ముసలమ్మ, "బస్సుండగా మోకాళ్లరగదీసుకోటం ఏందయ్యా?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

ఈ కొండ కథ కూడా నడక కథే. గొల్లభామ ఆనందవల్లి రోజూ రుద్రశిఖరం ఎక్కి కోటయ్య స్వామిని కొలిచేది. నిండుచూలాలయ్యాక, ఎక్కలేకపోతున్నాను, నువ్వే కిందికి రమ్మని వేడుకుంది. వస్తాను, వెనక్కి మాత్రం తిరిగి చూడకు, అన్నాడాయన. వెనక వినపడ్డ చప్పుడుకు బెదిరి ఆమె బ్రహ్మశిఖరం మీద తిరిగి చూసింది; స్వామి అక్కడే ఆగిపోయాడు. ఇప్పుడు పెద్ద గుడి ఉన్నది అక్కడే. ఎక్కేవాళ్ల ఆయాసం బాగా తెలిసినవాడెవడో అల్లిన కథ ఇది. దేవుడు దిగి వచ్చేశాడు గనక పైన రుద్రశిఖరం మీదున్న పాత కోటయ్య గుడికి పోయే జనం తక్కువ. ఓపికుంటే అక్కడికే పోవాలి.

పైనుంచి చూస్తే పొలాల పచ్చదనం కనపడుతుంది. అదంతా నాగార్జునసాగర్ కుడికాలవ చలవ. ఆ కాలవ వెంట ఎగువకు పోతే మాచర్ల దాటాక అసలు వింత. కొండల మీద సరస్సు మాకు లేదు గానీ, సరస్సు మధ్య కొండ ఉంది. నాగార్జునకొండ. ఒకప్పుడు దాని చుట్టూ లోయ. ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేశారు. నీళ్లొచ్చేలోపు తవ్వగలిగినంత తవ్వాలని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ పనిచేసింది. దొరికిన కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికీ, కొన్నిటిని ఒడ్డునున్న అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. మిగిలింది నీళ్ల కిందే ఉంది.

అందుకే ఆ కొండకు కాలినడకన ఎక్కే దారి లేదు. డ్యాము రైట్ బ్యాంకులో లాంచీ ఎక్కితే అదే దించుతుంది. మెట్లెక్కి చెమటోడ్చే నాలాంటివాడికి ఇది కొంచెం వెలితే. దిగాక మాత్రం తిరుగు లాంచీ కోసం తొందరపడకుండా, మ్యూజియం చూసేసి కొండ మీది పాత కోటగోడల వెంట చివరిదాకా నడవండి. ఎక్కువమంది మ్యూజియం దగ్గరే ఆగిపోతారు.

వెళ్లాలనుకుంటే పుష్యమాసంలో వెళ్లండి. కార్తీక సోమవారాలు వద్దు, రద్దీ. లాంచీ ఉందో లేదో ముందే కనుక్కోండి. కోటప్పకొండకు తెల్లవారకముందే బయల్దేరి, నీళ్ల సీసా పట్టుకెళ్లి, ఖాళీది మళ్లీ కిందికి తెచ్చుకోండి. ఎండాకాలంలో మాత్రం బస్సెక్కండి.