300 ఓమ్‌లట... ఫోను మీదే పాడుతోంది!

ఆగండాగండి! చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి ఇది వినండి. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు!

గోదావరిఖని నుంచి కరీంనగర్ వస్తూ మా బావ ఒక డబ్బా పట్టుకొచ్చాడు. అందులో హెడ్‌ఫోన్లు. సెన్‌హైజర్ హెచ్‌డీ 650. 2003లో వచ్చిన మోడల్, ఇంకా అమ్ముతూనే ఉన్నారట! చెవి మొత్తాన్ని కప్పేసే మెత్తటి మఖ్మల్ గుండ్రాలు, వెనకవైపు మూత బదులు సన్నటి ఇనుప జాలీ. ఆ జాలీలోంచి ఫ్యాను చప్పుడు లోపలికొస్తుంది, లోపలి పాట బయటికి పోతుంది. ఇదేం హెడ్‌ఫోనండీ అనుకున్నాను.

"గిది వెట్టుకో. సప్పుడు జెయ్యకు," అన్నాడు బావ.

పెట్టుకున్నాను. 'బలగం' సినిమా చివర్లో మొగిలయ్య, కొమురమ్మ పాడే ఘట్టం పెట్టాడు.

అబ్బబ్బబ్బా!

ఆ సినిమా 2023 మార్చిలో వచ్చింది. తీసిన వేణు ఎల్దండిది మన సిరిసిల్లే. హాల్లో చూసి ఏడ్చాను, టీవీలో చూసి మళ్లీ ఏడ్చాను. కానీ ఆ గొంతుల్లో ఇంత గరుకుందని, ఇంత తడుందని నాకు తెలియనే తెలియదు! ఒక గొంతు దింపిన మాటను ఇంకో గొంతు ఎత్తుకునే చోట ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మొగిలయ్య 2024 డిసెంబరులో వెళ్లిపోయాడు. మా మేడ మీది గదిలో మాత్రం నా కుడిచెవికి జానెడు దూరంలో నిలబడి పాడుతున్నాడు!

పాట అయ్యాక చూశాను, ఈ మహాయంత్రం దేనికి తగిలించి ఉందోనని. ఇక్కడే నా మతి పోయింది. ఫోనుకి! చిటికెన వేలంత అడాప్టరు, అంతే! 2016లో ఐఫోన్ 7 నుంచి జాక్ పీకేశాక యాపిల్ వాళ్లు అమ్మే చిన్న తెల్ల తోక ఉంటుంది చూడండి, అదీ!

"బావా, దీనికి ఆంప్లిఫయర్ ఉండాలె గదా? డబ్బా మీద 300 ఓమ్‌లు అని రాసుంది. ఫోను ఎట్ల గుంజుతది?"

బావ నవ్వాడు. "ఓమ్‌లు జూసి భయపడ్డవ్. డెసిబెల్స్ జూసినవా?"

చూడలేదు! అసలు ఆ రెండో అంకె ఒకటి ఉంటుందనే నాకు తెలియదు. మంచి హెడ్‌ఫోన్లంటే పక్కన ఇటుకంత ఆంప్లిఫయర్ ఉండి తీరాలని ఎవరో చెబితే విని, ఇన్నేళ్లూ హాయిగా నమ్మేశాను. హెడ్‌ఫోన్ల కంటే ముందు ఆంప్లిఫయర్ కొందామని డబ్బులు కూడా దాస్తున్నాను!

సంగతేంటంటే, హెడ్‌ఫోన్ లోపల అయస్కాంతం, దాని మధ్య సన్నటి తీగచుట్ట, చుట్టకి అంటుకున్న పల్చటి పొర ఉంటాయి. పాట కరెంటై తీగలోకి వస్తే పొర అదురుతుంది, ఆ అదురే మనకు చప్పుడు. ఓమ్‌లు అంటే ఆ చుట్ట కరెంటుకి ఎంత అడ్డు పడుతుందో చెప్పే లెక్క. ఎంత అడ్డున్నా, లోపలికి పోయిన కాస్త కరెంటుతోనే పొర గట్టిగా అదిరితే చాలు కదా! అలా ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేదే డెసిబెల్స్ అంకె. హెచ్‌డీ 650కి 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ మోగుతుందని కంపెనీ వాళ్లే రాశారు. ఆ తెల్ల తోక ఇచ్చేది గరిష్ఠంగా సుమారు 1 వోల్టు. సరిపోయింది! సరిపోవడమేంటి, 103 అంటే చెవులు పోయే మోత!

ఇంకా అయిపోలేదు! బావ సింగరేణి మనిషి, కొలవకుండా ఏదీ ఒప్పుకోడు. సంచీలోంచి మల్టీమీటర్ తీశాడు. ఒక జాక్ రెండుగా చీలే వైరు పెట్టి, ఒక కొసకి హెడ్‌ఫోన్, రెండో కొసకి మీటరు ముళ్లు ఆనించాడు. ఫోనులో 50 హెర్ట్జ్ మోత పెట్టాడు. మన ఇంటి కరెంటు కూడా 50 హెర్ట్జే కదా, మామూలు మీటర్లు అక్కడే సరిగ్గా చూపిస్తాయట. (ఎంత తెలివి చూడండి!) నాకు హాయిగా వినపడే వాల్యూమ్ దగ్గర ఆపి అంకె చూశాం.

పావు వోల్టు! అదీ పూర్తిగా లేదు!

వోల్టుని వోల్టుతోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే ఖర్చయ్యే శక్తి తెలుస్తుంది. పావుని పావుతో గుణించి 300తో భాగిస్తే ఎంతొస్తుందో తెలుసా? ఒక మిల్లీవాట్‌లో ఐదో వంతు! వాట్ కాదండీ, మిల్లీవాట్, అందులో ఐదో వంతు! నన్ను ఏడిపించిన ఆ గొంతులకి అయిన ఖర్చు అదీ. నేనేమో వాట్లకి వాట్లు ఇచ్చే డబ్బా కొనబోయాను. నలభై అడుగుల బాయికి పది హెచ్‌పీ మోటరు దించినట్టు!

అయితే ఆంప్లిఫయర్లన్నీ దండగేనా? కాదు కాదు! ఇక్కడ కథ ఇంకా రంజుగా మారుతుంది.

హైఫైమాన్ కంపెనీది హెచ్‌ఈ6 అని ఒకటుంది. ఓమ్‌లు చూస్తే 50 మాత్రమే! 300 కంటే ఎంతో తక్కువ కదా, ఫోను మీద ఉరుకుతుందనుకుంటాం. ఉరకదు! అది ప్లానార్ రకం. తీగచుట్ట బదులు పొర మీదంతా వాహకం పరిచి ఉంటుంది, ఆ పొరని కదిలించాలంటే బోలెడు శక్తి కావాలి. 1 మిల్లీవాట్‌కి అది ఇచ్చేది 83.5 డెసిబెల్సే. ప్రతి 10 డెసిబెల్స్ పెంచడానికి శక్తి పదింతలు కావాలి. 93.5కి 10 మిల్లీవాట్లు, 103.5కి 100, 113.5కి ఏకంగా 1 వాట్! మన తెల్ల తోక దానికి ఇవ్వగలిగేది 20 మిల్లీవాట్లు. మామూలుగా వింటే పాట వస్తుంది గానీ, డప్పు దెబ్బ పడేసరికి చతికిలబడుతుంది. దానికి కావాలి ఆంప్లిఫయర్, సందేహమే లేదు!

బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓమ్‌లది కూడా అంచు మీద ఉండే సరుకే. 1 వోల్టుకి దాదాపు 98 డెసిబెల్స్. ఇప్పటి సినిమా పాటలు మొదటినుంచి చివరిదాకా ఒకే మోతలో ఉంటాయి కాబట్టి వాటికి చాలు. గుసగుసగా మొదలై హోరెత్తే కచేరీ రికార్డింగులకి చాలదు.

ఒక్క మెలిక చూసుకోండి! కొందరు డెసిబెల్స్‌ని 1 మిల్లీవాట్‌కి రాస్తారు, కొందరు 1 వోల్టుకి రాస్తారు. ఒకటే అంకె, వేరే అర్థం! 300 ఓమ్‌ల దగ్గర తేడా 5 డెసిబెల్స్, 32 ఓమ్‌ల దగ్గర 15! డబ్బా మీద అంకె పక్కనున్న చిన్నక్షరాలు చదవకుండా రెండిటినీ పోల్చకండి. ఇక బ్లూటూత్ హెడ్‌ఫోన్లా? వాటి కడుపులోనే ఆంప్లిఫయర్ ఉంటుంది. బయట ఇంకోటి కొనడం శుద్ధ దండగ.

"మరి ఆంప్లిఫయర్ పెడితే పాట విచ్చుకుంటది అంటరు గదా బావా?" అన్నాను. బావ దగ్గర అదీ ఉంది! తగిలించాడు. నిజంగానే విచ్చుకుంది! "చూసినవా!" అని ఎగిరాను. బావ మాట్లాడకుండా మళ్లీ మీటరు తీసి, రెండిటి వోల్టులూ ఒక్కటి చేసి, నా కళ్లకి తువ్వాల కట్టాడు. ఇదా? అదా? ఇదా? అదా? చెప్పలేకపోయాను! అంతకుముందు ఆంప్లిఫయర్ రవ్వంత గట్టిగా మోగుతోంది, అంతే. చెవికి గట్టిదే గొప్పగా అనిపిస్తుందట! ఎంత తమాషా!

కట్ట కడపటి ఆశ్చర్యం వినండి. దండారి పండుగకి బావ మర్లవాయి వెళ్లి ఫోనులో రికార్డు చేసిన గోండుల గుస్సాడి ఆట పెట్టాడు. ఆ ఆటకే 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు ఊరే మర్లవాయి. నెమలి ఈకల టోపీలు, గజ్జెలు, డప్పులు, తుడుం, మధ్యలో సన్నాయిలా గీపెట్టే పెప్రె... కళ్లు మూసుకుంటే ఆదిలాబాద్ అడవే! కానీ ఏదో వింత. ఒక్కో తుడుం దెబ్బ పడగానే గజ్జెలు మాయం! అర క్షణం తరవాత మెల్లమెల్లగా తిరిగొస్తున్నాయి. మళ్లీ దెబ్బ, మళ్లీ మాయం! పెద్ద చప్పుడు రాగానే ఫోను తనంతట తనే మైకుని తగ్గించేసుకుంటుందట. మామూలు ఇయర్‌ఫోన్లలో ఎన్నిసార్లు విన్నా పట్టుకోని సంగతిది! ఆంప్లిఫయర్‌కి మార్చి విన్నాం. అదే మాయం, అదే తిరిగి రావడం. రికార్డింగులోనే పోయిన గజ్జెల్ని లక్ష రూపాయల ఆంప్లిఫయర్ మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది? ఆ డబ్బుతో వచ్చే దండారికి మంచి రికార్డర్ కొనుక్కుంటా!

మీరూ చూడండి! ముందు హెడ్‌ఫోన్లు తెచ్చుకోండి, ఉన్న ఫోనుకే పెట్టండి. వాల్యూమ్ చివరిదాకా తోసినా చాలడం లేదనిపిస్తే అప్పుడు ఆంప్లిఫయర్ మాట. (కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ తెల్ల తోక పూర్తి గొంతు విప్పదు, ఇంకో కంపెనీ అడాప్టర్ పెట్టి చూడండి.) సరిపోతోంది కదా అని గంటలు గంటలు మోత పెట్టకండి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే అంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

బావ ఇప్పుడే ఫోన్ చేశాడు. మంచిర్యాలలో ఎవరి దగ్గరో ప్లానార్ రకం ఉందట, ఆదివారం వచ్చి వినిపొమ్మన్నారట! తెల్ల తోక, మీటరు, తువ్వాల సంచీలో పెట్టేశాను. ఆదివారం ఇంకా ఎంత దూరముందండీ బాబూ!