ఊరంతా చుట్టిన తోక

పిల్లలకు వేరే గది అన్నది మన ఇళ్లలోకి ఈమధ్య వచ్చిన ముచ్చటే. నిన్నమొన్నటిదాకా నాయనమ్మ పక్కనో, అమ్మమ్మ మంచం మీదో ముడుచుకుని పడుకున్నవాళ్లే అందరూ. కథ సగంలో ఉండగానే నిద్ర. అర్ధరాత్రి మెలకువ వచ్చినా చేతికి చీర కొంగు తగిలేది. ఇప్పుడు ఇల్లు కట్టేటప్పుడే ‘ఇది పాప గది’ అనేస్తున్నారు. గులాబీరంగు గోడలు, కార్టూన్ స్టిక్కర్లు, కొత్త మంచం... అన్నీ అమరుస్తారు. పాప మాత్రం రాత్రి పదింటికి దిండు చంకన పెట్టుకుని అమ్మానాన్నల తలుపు తడుతుంది!

హనుమాన్ జంక్షన్‌లో ఓ ఇంట్లోనూ ఇదే వరస. విజయవాడ - ఏలూరు జాతీయ రహదారికి నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే ఊరది. రాత్రీ పగలూ లారీలే. హెడ్‌లైట్ల వెలుగు కిటికీలోంచి పడి గోడ ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతుంది. దాని వెంటే ఊచల నీడలు. నిరుటిదాకా నాయనమ్మ పక్కన పడుకున్న ఏడేళ్ల పిల్లకి ఆవిడ పోయాక అవి ఊచల్లా ఎందుకు కనిపిస్తాయి? ‘ఎవరో వస్తున్నారు’ అనేది. తెర కట్టారు. బెడ్‌లైటు పెట్టారు. లాభం లేకపోయింది.

గోడ మీద నీడలు ఎటూ తప్పవు, అవేవో పాపకి తెలిసినవాళ్లవే అయితే పోలేదా అనిపించింది తల్లికి. నాయనమ్మ ముగ్గుల పుస్తకం తీసింది. మడిచిన కాగితం మీద సగం ముగ్గు గీసి కత్తిరిస్తే, విప్పగానే నిండు ముగ్గు. పాప కళ్లు పెద్దవయ్యాయి. ఇంకేముంది, ఇల్లంతా కాగితం ముక్కలే.

కాగితం కత్తిరించి బొమ్మలు చేయడం ఎక్కడెక్కడో ఉన్న విద్యే. చైనాలో పండక్కి కిటికీలకు ఎర్ర కాగితం బొమ్మలు అంటిస్తారు. ఆ కళను 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మథుర, బృందావనాల్లో కృష్ణలీలలను సాంఝీ పేరుతో కాగితంలో కత్తిరిస్తారు. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక చక్రాల కుర్చీకి పరిమితమై, రంగు పూసిన కాగితాలను కత్తెరతో కోసి బొమ్మలు చేశాడు. అంతదూరం ఎందుకు, మన తోలుబొమ్మలున్నాయి కదా! నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద ఉలితో చిన్న చిన్న చిల్లులు పెడుతూ బొమ్మలు చేస్తున్నారు. నగల మెరుపంతా ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే.

ముగ్గు తేలికే. అసలు బొమ్మ దగ్గరే చిక్కంతా. పలచటి కాగితం చిరుగుతుంది, మరీ మందమైతే బ్లేడు దిగదు. కాస్త దళసరి నల్ల కాగితం మేలు. కింద అట్ట వేసి, బ్లేడుతో కోసే పని పెద్దవాళ్లే చేయాలి. లోపలి చిన్న ఖాళీలు ముందు, చుట్టూ అంచు చివర. అంచు ముందే కోస్తే పట్టుకోవడానికేం మిగలదు. బొమ్మ వెనకవైపు గీస్తే ముందు గీతలు కనబడవు గానీ, కుడిఎడమలు మారతాయి. పాప పేరులో ఓ సున్నా ఉంది. దాన్ని గీత ప్రకారం కోయగానే మధ్య ముక్క కాస్తా రాలిపోయి కన్నమే మిగిలింది! రెండు పక్కలా సన్నటి కట్టు వదిలితేనే సున్నా నిలుస్తుంది. లారీల మీద నంబర్లు వేసే అచ్చురేకుల్లో ఉండేదీ అదే కిటుకు.

పాప కోరిన జాబితా చిన్నదేం కాదు. లారీ, నూజివీడు మామిడిచెట్టు, కొల్లేటి గూడబాతు, పాలవాడి సైకిలు. నల్ల కాగితంలో ఏదీ విడిగా నిలబడదు, దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉండాలి. గూడబాతును లారీకి ఎలా కలుపుతాం? తల్లి పెన్సిలు పట్టుకుని ఆలోచిస్తుంటే పాపే చెప్పింది, ‘‘హనుమంతుడి తోక ఉందిగా!’’ అని. తోక కోసం ఒక ఆదివారం పట్టింది. చెట్టును చుట్టి, లారీ కిందుగా వెళ్లి, గూడబాతు కాలికి తగిలి, సైకిలు చక్రంలో తేలింది.

జిగురు నీళ్లగా ఉంటే కాగితం ముడతలు పడుతుంది. అందుకని చిన్న థర్మాకోల్ ముక్కలు పెట్టి, తెల్ల అట్టకు కాస్త ఎత్తుగా అంటించారు. పటాలు కట్టే దుకాణానికి తీసుకెళితే ఆయన అటూ ఇటూ తిప్పి ‘‘దేవుడి పటమా అమ్మా?’’ అన్నాడు. ‘‘కాదు, మా ఊరి పటం’’ అంది పాప. లోతున్న ఫ్రేము తీసుకున్నారు. కాగితానికీ అద్దానికీ మధ్య ఖాళీ లేకపోతే మన డెల్టా వానాకాలం చెమ్మకు రెండూ అతుక్కుపోతాయి. పిల్లల గది కనుక గాజు బదులు ఆక్రిలిక్ షీటు వేయించారు. తలవైపు గోడకు కాకుండా, పడుకుంటే ఎదురుగా కనబడేలా, ఎండ తగలనిచోట తగిలించారు.

మొదటి వారం కూడా తలుపు తట్టింది. పటం కట్టగానే భయం పోతుందా ఏమిటి! రెండో వారంలో ఓ రాత్రి లోపల్నుంచి మాటలు వినిపిస్తే తల్లి తొంగిచూసింది. లారీ వెలుగుకి తెల్ల అట్ట మీద తోక నీడ కదులుతోంది. ‘‘ఇంక చాలు, పడుకో’’ అని హనుమంతుణ్ని కోప్పడుతోంది పాప.

ఇప్పుడు రెండో పటానికి కాగితం కొన్నారు. ఈసారి నాయనమ్మ కావాలట. ఆవిడ కొంగు పట్టుకుని ఎవరెవరు వేలాడాలో పాప జాబితా రాస్తోంది. అందులో పాలవాడు మళ్లీ ఉన్నాడు, సైకిలుతో సహా.