కాళ్లు పట్టుకునేవాడు

మా ఊళ్లో ఎవరైనా కుర్రాడు కబడ్డీ ఆడతాడంటే 'కూతకెళ్తాడా?' అనే అడుగుతారు. పట్టేవాడి సంగతి ఎవరికీ పట్టదు. సినిమావాళ్ల ఊరు కదండీ మాది! అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణల పాలకొల్లు. తెరమీద కనిపించేవాడికి ఈలలు వేస్తాంగానీ, తెరవెనక ఎవరు నిలబడితే ఆ సీను పండిందో ఆలోచించం. బరిలోనూ అంతే.

ముప్పై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. నా కళ్లు మాత్రం ఎప్పుడూ ఆ పట్టేవాళ్లమీదే ఉండేవి. కిందటి సంక్రాంతి వెళ్లిన వారానికి మా మేనల్లుడు వాళ్లబ్బాయిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. పిల్లాడికి పద్దెనిమిదేళ్లు. డిగ్రీ మొదటి సంవత్సరం. ఎడమ కార్నర్‌లో ఆడతాడు.

"మావయ్యా, ఒకాయన వీణ్ని ప్రో కబడ్డీలోకి ఎక్కిస్తానంటున్నాడండి. చదువు మానిపించి ఆయన దగ్గరుంచాలంట. ఐదు లక్షలు అడుగుతున్నాడు. కొబ్బరితోటలో పది సెంట్లు అమ్మేద్దామనుకుంటున్నాను. అవసరమైతే ఆయన కాళ్లయినా పట్టుకుంటాను. వీడు పనికొస్తాడో లేదో మీరోసారి చూసి చెప్పండి" అన్నాడు.

కాదనడానికి నోరు రాలేదు. అవుననడానికి ధైర్యం చాల్లేదు. దానికో కారణముంది. చాలా ఏళ్ల కిందట నా దగ్గర ఆడిన ఓ కుర్రాణ్ని 'నీకు స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం ఖాయంరా' అని ఎగదోశాను. వాడు ఇంటర్ పరీక్షలు వదిలేసి టోర్నమెంట్ల వెంట తిరిగాడు. మోకాలు పోయింది. ఉద్యోగమూ రాలేదు. ఇప్పుడు లారీలకు కొబ్బరికాయలు ఎత్తుతున్నాడు. ఎక్కడ కనబడినా 'నమస్కారం మాస్టారూ' అంటాడు. ఒక్కసారి తిట్టినా బాగుండేది.

అందుకే "నెలరోజులు చూడనీ అల్లుడూ" అన్నాను. పాత అలవాటు కొద్దీ ఓ నోటుపుస్తకం కొన్నాను.

కూతకెళ్లేవాణ్ని అంచనా కట్టడం తేలిక. తెచ్చిన పాయింట్లు లెక్కపెడితే సరి. పట్టేవాడి లెక్క అలా తేలదు. కూతకొచ్చినవాడికి 30 సెకన్ల టైము. ఎదురుగా ఆరుగురో ఏడుగురో ఉంటే బోనస్ గీత కోసం కాలు చాపుతాడు. ఆ కాలికోసమే కార్నర్‌వాడు కాచుకుని ఉంటాడు. రెప్పపాటు ముందు దూకితే తనే అవుటు. రెప్పపాటు ఆలస్యమైతే కాలు వెళ్లిపోతుంది. పట్టు దొరికినా ఒక్కడి బలం చాలదు, పక్కవాడొచ్చి మీద పడాలి. అందుకే ఎన్నిసార్లు పట్టాడన్నది ఒక్కటే రాసుకుంటే చాలదండీ. ఎన్నిసార్లు పట్టకుండా ఆగాడన్నది కూడా రాసుకోవాలి.

మొదటి వారం పుస్తకం నిండా ఎర్రసిరాయే. చీలమండ దొరికిందంటే మావాడిది ఉడుంపట్టు. కానీ తొందర. ఎదుటివాడు భుజం కదిపితే చాలు, దూకేసేవాడు. "భుజం అబద్ధం చెబుతుందిరా, నడుము చెప్పదు. నడుము చూడు" అన్నాను. మూడో వారానికి ఆగడం వచ్చింది. ఓ సాయంత్రం వాడి జట్టులో ముగ్గురే మిగిలారు. ముగ్గురు గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉన్నప్పుడు పడితే ఒక పాయింటు అదనం. సూపర్ ట్యాకిల్ అంటారు. మొదటి వారంలో అయితే ఆ ఆశకే దూకేవాడు. కూతకొచ్చినవాడు రెండుసార్లు కాలు చూపించి ఊరించినా మావాడు కదల్లేదు. అతను వెనక్కి తిరుగుతుండగా మడమ దొరకబుచ్చుకున్నాడు. ఆ పూట నీలం సిరాతో రాసుకున్నాను.

లోపాలూ ఉన్నాయి. ప్రో కబడ్డీలో 85 కిలోల దాకా ఉన్నవాళ్లు ఆడతారు. మావాడు అరవై రెండు. బరువైనవాడు వస్తే పట్టిన పట్టుతో సహా ఈడ్చుకుపోతున్నాడు. పైగా మట్టిలో ఒట్టి కాళ్లతో నేర్చిన అడుగు, బూట్లేసుకుని మ్యాట్ ఎక్కితే తడబడుతోంది.

మేనల్లుడి ఆశ వట్టిదనీ అనలేను. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు వేలంలో రాకేశ్ కుమార్‌కు పలికిన 12.80 లక్షలే అత్యధిక ధర. 2018లో తొలిసారి కోటి రూపాయలు పలికినవాడు కూతకెళ్లేవాడు కాదు, ఎడమ కార్నర్ కాసే ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలి. మన తెలుగు టైటాన్స్‌కు ఎడమ కార్నర్ కాసి పేరు తెచ్చుకున్న విశాల్ భరద్వాజ్‌ది హిమాచల్ ప్రదేశ్. ఆ చోటులో మన గోదావరి కుర్రాడెందుకు ఉండకూడదు?

నాకు దారి చూపించింది మాత్రం మనకు సంబంధం లేని ఆట. మా అబ్బాయి కెనడాలో ఉంటాడు. అక్కడికెళ్లినప్పుడు టీవీలో ఐస్ హాకీ చూపిస్తూ నిక్లాస్ లిడ్‌స్ట్రమ్ గురించి చెప్పాడు. స్వీడన్ డిఫెండర్. 1989లో డెట్రాయిట్ జట్టు అతణ్ని ఎంచుకుంది. అదీ అందరికన్నా ముందు కాదు, 53వ వాడిగా. వెంటనే పరుగెత్తలేదు. మరో రెండేళ్లు స్వదేశంలోనే ఆడి 1991లో అమెరికా వెళ్లాడు. అత్యుత్తమ డిఫెండర్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ మొదటిసారి అందుకునేసరికి 31 ఏళ్లు. ఆ తర్వాత మరో ఆరుసార్లు అందుకున్నాడు. ఆపేవాడి ఆట ఆలస్యంగా పండుతుందని అప్పుడనిపించింది.

నెల పూర్తవుతుండగా, ఆ లారీల దగ్గర పనిచేసే నా పాత శిష్యుణ్ని గ్రౌండుకి రమ్మన్నాను. కుంటుకుంటూ వచ్చాడు. గంటసేపు కొబ్బరిచెట్టుకు ఆనుకుని చూశాడు. వెళ్లేముందు "బాగా ఆడుతున్నాడు మాస్టారూ. వీణ్ని మాత్రం తొందరపెట్టకండి" అన్నాడు. ఇన్నేళ్లలో వాడు నన్ను అన్నమాట అదొక్కటే.

మర్నాడు మేనల్లుడి ఇంటికెళ్లాను. "పనికొస్తాడు. కానీ ఇప్పుడే కాదు. డిగ్రీ అయ్యేలోగా ఒళ్లు చేయాలి, మ్యాట్ మీద ఆడాలి. జిల్లా సెలక్షన్లకూ, యూనివర్సిటీ పోటీలకూ వెళ్లనీ. అప్పటికీ జట్టులో చోటు దొరుకుతుందని నేను మాటివ్వలేను. చదువు మాత్రం చేతిలో ఉంటుంది. ఏ జట్టయినా ఆటగాడికి డబ్బులిస్తుందిగానీ, ఆటగాడి దగ్గర పుచ్చుకోదు. తోట అమ్మకు" అన్నాను.

వాడి మొహం మాడిపోయింది. "మావాడిమీద మీకు నమ్మకం లేదా మావయ్యా?" అన్నాడు.

"ఉండబట్టే చెబుతున్నాను. వాడు బరిలో కాళ్లు పట్టుకోవాలి అల్లుడూ. వాడికోసం నువ్వు బయట ఎవరి కాళ్లూ పట్టుకోకూడదు."

వాడేమీ మాట్లాడలేదు. కాఫీ తాగి బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే, పిల్లాడు గుమ్మం దాకా వచ్చి మెల్లిగా అడిగాడు.

"రేపు కూడా గ్రౌండుకి వస్తారా తాతయ్యా?"

నోటుపుస్తకంలో ఇంకా సగం పేజీలు మిగిలే ఉన్నాయి.